దొరల "బ్లైటీ", మన "సీమ"

గడచిన మాఘమాసమున నొకనాటి సాయంకాలము మా అక్కగారి కోడలు మొగము వెలవెలబోవ, చేత ఫోను పట్టుకొని మా యింటికి వచ్చెను. మేముండునది విశాఖపట్టణమున మహారాణిపేట, వారిది పెదవాల్తేరు. ఆమె భర్త, అనగా మా అక్కగారి రెండవ కుమారుడు, సరకుల యోడలపై ఇంజనీరు పని చేయుచుండును. ఏడాదిలో ఏడెనిమిది నెలలు సముద్రముమీదనే యతని కాపురము. ఆనాడతడు పంపిన వార్తలో నొక వాక్యము కలదు: "నాకు బ్లైటీ దొరికింది, ఇరవై రోజుల్లో వస్తున్నాను."

ఆ మాట ఆమె యెరుగదు. ఆమె చదువుకొన్న పిల్ల గనుక వెంటనే ఆంగ్ల నిఘంటువు తెరచి చూచెను. చూడగా నచట మొదటి యర్థము విడిచి రెండవ యర్థముమీద నామె కన్ను పడెను. "సైనికుని స్వదేశమునకు పంపివేయవలసి వచ్చునంతటి గాయము" అని యచట నున్నది. ఇంకేమున్నది!

"పిన్నిగారూ, ఆయనకేదో దెబ్బ తగిలిందండీ. మాకు చెప్పకుండా దాస్తున్నారు. అత్తగారికి చెప్పలేదు, మీ దగ్గరకే వచ్చాను" అని కుమిలి కుమిలి యేడ్చినది.

నేనామెకు మంచినీళ్లిచ్చి, కూర్చుండబెట్టి, ఓడకు ఫోను చేయించితిని. అదృష్టవశమున నానాడు వారు రేవులోనే యుండిరి. మావాడు మొదట పకపక నవ్వెను. పిమ్మట విషయము తెలిసికొని నొచ్చుకొనెను. వారి యోడలో నొక ఆంగ్లేయుడు రెండవ యధికారి యట. అతడు సెలవు దొరికిన ప్రతివానిని చూచి "నీకు బ్లైటీ దొరికిందోయ్" అనునట. ఆ పలుకుబడి మావాని నోటికి నంటుకొన్నది. గాయము లేదు, జ్వరము లేదు. సెలవు చీటి మాత్రమే.

కథ సుఖాంతమైనది గాని, ఒకే మాట సెలవును, ఇంటిని, గాయమును జెప్పుట నాకు వింతగా దోచెను. విచారించి చూడగా నామాట పుట్టినది ఇంగ్లండులో గాదు, మన దేశముననే. అంతేకాదు, దానికి తోబుట్టువువంటి మాట మన వంటింటిలోనే యున్నది. కావున సోదరీమణులతో నా సంగతి ముచ్చటింపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

అరబ్బీ భాషలో "విలాయత్" అనగా పాలనాధికారము. ఒక యధికారి పాలించెడు మండలము. అది పారసీ త్రోవను హిందూస్థానీలోనికి వచ్చినది. ఇరాను మొదలగు దేశములనుండి వచ్చి యిచట కొలువులు చేసినవారు తమ స్వదేశమును "విలాయత్" అని చెప్పుకొనుచుండిరి. తరువాత ఐరోపావారు వచ్చిరి. క్రమముగా నామాట వారి దేశములకును, అందును ముఖ్యముగ ఇంగ్లండునకును చెల్లినది. "విలాయతీ" అనగా నచటినుండి వచ్చినది. వకారమును బకారముగ పలుకు ప్రాంతములలో నదియే "బిలాయతీ" యైనది. బుడ్డిలో గ్యాసు నింపి తెచ్చిన సోడానీరు "బిలాయతీ పానీ". టమాటా "బిలాయతీ బైంగన్", అనగా సీమనుండి వచ్చిన వంకాయ. మన పొరుగుననున్న ఒడియావారు నేటికిని టమాటాను బిలాతి బైగన అనియే యందురు. మన పెద్దలు మాత్రము దానిని రామములగ యని ముద్దుగా పిలిచి మనదానినిగా జేసికొనిరి.

ఈ మాటలన్నియు 1886లో అచ్చైన "హాబ్సన్ జాబ్సన్" అను నిఘంటువున చేరినవి. దానిని కూర్చినది యూల్, బర్నెల్ అను నిరువురు దొరలు. వీరిలో బర్నెల్ మన చెన్నరాజధానిలోనే కొలువు చేసిన సంస్కృత పండితుడు. పుస్తకము వెలువడకమునుపే, 1882లో కాలధర్మము నొందెను. ఆ పుస్తకము పేరు సైతము ఒక వింతయే. మొహర్రము పండుగలో "యా హసన్, యా హుస్సేన్" అని గుండెలు బాదుకొనుచు నేడ్చువారి కేక తెల్లసిపాయిల చెవికి "హాబ్సన్ జాబ్సన్" అని వినబడెనట! ఒకరి దుఃఖము వేరొకరి చెవిలో వినోదమగుట లోకమున క్రొత్త గాదు.

పటాలముల బసలలో తెల్లసిపాయిలకు వంటవాండ్రును, చాకలివాండ్రును, నీళ్లవాండ్రును హిందూస్థానీ మాటలాడువారే. వారు ఇంగ్లండునుండి వచ్చిన ప్రతి వస్తువును "బిలాయతీ" యనుచుండ, సిపాయి ఆ విశేషణమునే దేశము పేరుగా భావించెను. నాలుక తిరుగక ముందు వెనుకలు కొరికి "బ్లైటీ" యనెను. ఆఫ్రికాలో బోయరు యుద్ధము జరిగిన కాలమునాటికే ఈ మాట సైనికుల నోట నుండెను. 1914లో మహాయుద్ధము మొదలుకాగానే, హిందూస్థానము మొగమెరుగని లక్షలకొలది బాలురకు సైతము అది యంటుకొన్నది.

ఇక దాని యర్థములు. మొదటి యర్థము ఇంగ్లండు. కాని పటములో కనబడు ఇంగ్లండు గాదు, రాజుగారి ఇంగ్లండు గాదు; తన వీధి, తన గుమ్మము, తల్లి చేతి టీ. దేశమును గొప్పగా చెప్పవలసినచో వారికి వేరే పేర్లు కలవు. బురదలో, వానలో, ఎలుకల నడుమ కందకములో కూర్చున్నవాని నోట వచ్చు పేరు మాత్రము "బ్లైటీ". 1916లో ఆ పేరుతో సైనికుల కొక పత్రిక వెలసినది. ఆ యేడే ఆ మాటతో కట్టిన నాటకశాల పాట యొకటి యా దేశమంతట మారుమ్రోగినది.

రెండవ యర్థము, మా పిల్లను ఏడిపించినది. యుద్ధభూమినుండి బ్రతికి బయటపడుటకు సిపాయికి మార్గములు తక్కువ. చచ్చిననాడు సరేసరి. చిన్న గాయమైనచో ఫ్రాన్సులోనే కట్టుకట్టి మరల కందకమునకు పంపుదురు. ఈ రెంటి నడుమ నొక సన్నని సందు కలదు. భుజములోనుండి గుండు దూసికొనిపోవలెను, లేదా పాదముననెముక విరుగవలెను. ప్రాణము పోరాదు, కన్ను పోరాదు, జీవితాంతము కుంటివాడు కారాదు. కాని ఓడయెక్కించి ఇంటికి పంపక తీరరాదు. అట్టి గాయమును "బ్లైటీ" యనిరి. అది తగిలిన వానిని తోడివారు పెండ్లికొడుకును చూచినట్లు చూచి, అభినందించి, కన్నులలో నసూయతో సాగనంపెడివారట. దాని కొరకు తమ చేతిని, పాదమును తామే తుపాకితో కాల్చుకొన్నవారును ఉండిరి. అది సైనికశాసనము ననుసరించి మహాపరాధము. కట్టుకట్టిన పిమ్మట విచారణ, చెరసాల.

నేనీ సంగతి చదివినప్పుడు సిపాయిని గూర్చి గాక, తంతి అందుకొన్న తల్లిని గూర్చి తలపోసితిని. "నీ కుమారుడు గాయపడెను" అని చదివి "అమ్మయ్య!" అని నిట్టూర్చిన స్త్రీలు ఆ నాలుగేండ్లలో ఎందరో కదా! బిడ్డ కాలికి ముల్లు గ్రుచ్చుకొన్న నల్లాడిపోవు తల్లి, గుండు తగిలినదని దేవునికి దండము పెట్టుకొనునట్లు చేసినది ఆ యుద్ధము.

మూడవ యర్థము సెలవు, ప్రయాణము, చీటి. ఆసుపత్రిలో వైద్యుడు రోగి మంచమునకు గట్టు చీటిలో ఇంగ్లండు పోవలెనని వ్రాసినచో నది "బ్లైటీ టిక్కెట్టు". మావాని మాట యీ శాఖకు చెందినది. ఇపుడు ఆంగ్లేయులలో నీ మాట సగము హాస్యముగా, సగము మక్కువగా వాడుదురే గాని, పూర్వమున్న వేడి అందు లేదు.

ఇంతవరకు తెల్లసిపాయి కథ. మరి మన సిపాయి మాటయేమి? ఆ మహాయుద్ధమున పది లక్షలకు మించిన భారతీయులు సముద్రము దాటి పోయిరి. 1914 శరదృతువున మనవారు ఫ్రాన్సు చేరి, ఎండదేశపు బట్టలతో మంచులో నిలచిరి. వారికిని గుండ్లు తగిలినవి. తెల్లవానికి "బ్లైటీ" తగిలినచో నిల్లు చేరును. మనవానికి సరిగా నదే గాయము తగిలినచో నెచటికి పోవును? అతడును బ్లైటీకే పోవును! అనగా విలాయతికి, ఇంటికి గాదు. ఇంగ్లండు దక్షిణతీరమున బ్రైటను అను నూరిలో రాజులు కట్టుకొన్న విలాసమందిర మొకటి కలదు. హిందూస్థానపు కోటలను తలపించు గుమ్మటములతో, మీనారులతో నుండును. 1914 డిసెంబరు మొదలు 1916 ఆరంభమువరకు దానిని మన సిపాయిల ఆసుపత్రిగా వాడిరి. హిందువులకు, మహమ్మదీయులకు వేర్వేరు వంటశాలలు, నీటి కొళాయిలు నేర్పరచిరి. ఆదరణకు లోపము లేదు. కాని బయట తిరుగుటకు కట్టుబాట్లుండెను. గాయము మానిన పిమ్మట పలువురిని మరల యుద్ధమునకే పంపిరి. మనవారికి మిక్కిలి బాధ కలిగించినది ఇదియే. ఒకసారి దెబ్బతిన్నవానికి ఇల్లు చేరు హక్కు లేదా యని వారు ఉత్తరములలో మొరపెట్టుకొనిరి.

ఆ యుత్తరములన్నిటిని అధికారులు విప్పి చదువుచుండిరి గనుక మనవారు యుక్తిగా వ్రాయసాగిరి. వంటింటి మాటలు వారికి తోడ్పడినవి. నల్ల మిరియము లనగా మన సిపాయిలు. ఎర్ర మిరపకాయ లనగా తెల్లసిపాయిలు. మిరియములు చాల ఖర్చయిపోయినవి, ఇక పంపవద్దు అని వ్రాసిన నింటనున్న ఆడువారికి అర్థమగును. అధికారులును అట్టి యుత్తరములలో కొన్నిటిని కనిపెట్టి తర్జుమా చేయించి దాచిరి గనుకనే నేడు మనకు తెలిసినది. బ్రైటను సమీపమున కొండవాలున మన హిందూ, సిక్కు సిపాయిలకు దహనము జరిగిన చోట తెల్లరాతి ఛత్రి యొకటి కట్టి, 1921 ఫిబ్రవరి 1వ తేదీన దానిని తెరచిరి. వారికి విలాయతియే తుదియిల్లయ్యెను.

మన చెన్నరాజధానివారును ఆనాడు చందాలెత్తి "మద్రాసు" అను పేర నొక ఆసుపత్రి యోడను 1914లోనే సిద్ధపరచి పంపిరి. గాయపడినవారిని మోసికొనివచ్చుటయే దాని పని.

విశాఖపట్టణమునకును సిపాయిలకును, సముద్రమునకును గల పాత కథ యొకటి యిచట చెప్పక తప్పదు. పదునెనిమిదవ శతాబ్దమున బంగాళమునకు ఇంగ్లీషువారితో పోయిన చెన్నపట్టణపు సిపాయిలలో తెలుగువారు మెండు. వారినిబట్టి ఉత్తరదేశమున ఇంగ్లీషు ఉడుపు వేసికొన్న సిపాయి యెవ్వడైనను "తిలంగా" యయ్యెను. 1857 నాటి సిపాయిలను సైతము ఢిల్లీ, లక్నో ప్రజలు తిలంగాలనియే పిలిచిరి. వారిలో తెలుగువాడు లేకున్నను సరే! ఈ విధముగా మన జాతి పేరే యొరుల నోట తుపాకివాని పేరైనది.

అట్టి తిలంగాలు కొందరు 1780లో విశాఖపట్టణపు కోటయందుండిరి. హైదరాలీతో యుద్ధము చేయుటకు ఓడయెక్కి చెన్నపట్టణము పోవలెనని వారికి ఉత్తరువు వచ్చెను. అక్టోబరు 3వ తేదీన, ఓడయెక్కవలసిన సమయమున, వారు తిరుగబడిరి. తెల్లయధికారులు కొందరు హతులైరి. తమ యూరు విడిచి, ఉప్పునీరు దాటి, తమది కాని యుద్ధమునకు పోమన్నారు. ఆ తిరుగుబాటు నణచివేసిరి.  వారికి ఇంటిమీది మక్కువను చెప్పుకొనుటకు "బ్లైటీ" వంటి ముద్దు పేరేదైన నుండెనో లేదో!

తెల్లవారి ఆడువారి సంగతి మరచిపోరాదు. దొరసానులు మన దేశమున ముప్పదియేండ్లు కాపురము చేసినను "ఇల్లు" అన్నపుడు ఇంగ్లండే వారి యుద్దేశము. బిడ్డలు ఆరేడేండ్లవారు కాగానే వారిని ఓడయెక్కించి ఆ "యింటికి" చదువునకై పంపివేయువాడుక యుండెను. ఆ బిడ్డలకు ఇల్లనగా వాల్తేరులో ఆయా ఒడి, సముద్రపు హోరు. పోవలసిన యిల్లో, ఎన్నడును చూడని చలిదేశము. తల్లి యిటు భర్తతో నుండవలెనా, అటు బిడ్డలతో నుండవలెనా? ఏది యెంచుకొన్నను సగము గుండె సముద్రమవతలనే. మనలను పాలించినవారి భార్యలైన మాత్రమున వారి కన్నీరు కన్నీరు కాకపోదు.

ఇంటికి పోవు ఓడకై కాచుకొనుటకు సంబంధించిన మాట యింకొకటి కలదు. నాసికు సమీపమున దేవలాలి యను చోట, గడువు తీరిన తెల్లసిపాయిలు ఓడకొరకు వేచియుండెడి దండు బస యుండెను. సిపాయిల నోడలు చలికాలమున మాత్రమే నడచెడివి. వేసవిలో గడువు తీరినవాడు నెలల తరబడి పనియు లేక, ఎండలో కాగుచు కూర్చుండవలెను. కొందరికి మతి చలించెడిది. నాటినుండి పిచ్చిపట్టుటను వారు "డూలాలీ టాప్" అనిరి. టాప్ అనగా మన తాపమే, జ్వరము. బ్లైటీ కొరకు కాచుకొన్నవాని జబ్బు పేరు డూలాలీ యన్నమాట. ఈ రెండు మాటలును కవలలు.

ఇక మన "సీమ" సంగతి. సంస్కృతమున సీమ యనగా హద్దు, పొలిమేర. తెలుగున నా హద్దులోపలి నేలకే యా పేరు చెల్లినది: కోనసీమ, పల్నాటిసీమ. దత్తమండలములను రాయలసీమ యని పిలుచుకొనవలెనని 1928లో నంద్యాల సభలో నిశ్చయించుకొనిరి. ఇట్లు సీమ యనగా ఒక మండలము. మరి విలాయత్ అన్నను మొదట మండలమనియే కదా! ఆ రెండు మాటలును, ఒకదాని కొకటి సంబంధము లేకయే, ఒకే త్రోవ నడచి, సముద్రమునకు అవతలనున్న దొరల దేశముగా మారినవి. సీమదొర, సీమసరకు, సీమకు పోయి బారిస్టరైనవాడు.

మన యింటిలో నీ సీమ యెంతగా నిండియున్నదో చూడుడు. పిల్లలు పలకమీద వ్రాయుటకు సీమసున్నము. పప్పులో వేసికొనుటకు సీమవంకాయ; దానినే కొందరు బెంగుళూరు వంకాయ యందురు. తామరకు ఆకు నూరి పూయుటకు సీమ అవిసె. గంగాళమునిండ పాలిచ్చునది సీమ ఆవు. అరవవారు కిరసనాయిలునకు సైతము సీమనూనె యనియే పేరు పెట్టిరి. వీనిలో నన్నియు ఇంగ్లండునుండి వచ్చినవి కావు సుమండీ! సీమచింత పుట్టినది మెక్సికో ప్రాంతమున. దానిని స్పెయినువారు ఫిలిప్పీను దీవులకు తెచ్చిరి. అటనుండి మన తీరమునకు వచ్చినది. సీమవంకాయదియు ఆ ప్రాంతమే. ఇంగ్లండు మంచులో నవి మొలవనైన మొలవవు. ఓడలో వచ్చినదెల్ల సీమదే యని మన మామ్మలు తీర్మానించిరి. ఆ తీర్మానములో తప్పున్నను, నాకది ముచ్చటగనే యున్నది.

ఒకప్పుడు సీమసరకనగా మేలైన సరకని యర్థము. 1907లో బిపినచంద్రపాలుగారు మన తెలుగు జిల్లాలలో పర్యటించి స్వదేశోద్యమమును ప్రబోధించిన నాటినుండి, పిమ్మట ఖద్దరు ఉద్యమము బలపడిన నాటినుండి, అదే మాట నిందయైనది. సీమబట్ట కట్టుకొని పేరంటమునకు పోవుటకు ఆడువారు సిగ్గుపడిరి. విశాఖపట్టణమునకు ఉత్తరముననున్న పొందూరు సన్ననూలు అప్పుడు దేశమంతట పేరుపొందెను. నేడో, తూకము మరియొక విధముగ మారినది. సీమకు ఎదురుమాట నాటు. బజారులో నాటుకోడికి, నాటు టమాటాకు ధర హెచ్చు. మామ్మలు విన్న నవ్విపోదురు.

మా యూరి రేవు చరిత్రయును ఈ మాట చుట్టే తిరిగినది. పూర్వము ఓడలు దూరముగ సముద్రములో నిలచెడివి. సరకులు పడవలలో కెరటములమీద వచ్చెడివి. లోపలి రేవు త్రవ్వి, 1933 అక్టోబరు 7వ తేదీన "జలదుర్గ" యను నోడను మొదట ప్రవేశపెట్టిరి. డిసెంబరు 19వ తేదీన రాజప్రతినిధి విల్లింగ్డను ప్రభువు దానిని శాస్త్రోక్తముగ తెరచెను. అప్పటికి ఓడలు సీమవి, రైలుపట్టాలు సీమవి. పదునైదేండ్లు తిరుగకముందే, 1948 మార్చి 14వ తేదీన, ఇచటి సింధియావారి యోడల కర్మాగారమున తయారైన "జలఉష"ను నెహ్రూగారు నీటిలోనికి దింపిరి. ఉక్కు కర్మాగారమునకై 1966లో జరిగిన యుద్యమమున పలువురు ప్రాణములు కోల్పోయిరి, 1971లో ఇందిరాగాంధిగారు శంకుస్థాపన చేసిరి, 1992లో పి.వి. నరసింహారావుగారు దానిని జాతి కంకితము చేసిరి. ఆ యుక్కును సీమ యుక్కు అని యెవ్వరు నన్నట్లు నేను వినలేదు.

అయితే ఉత్తరాంధ్రమున బీదయింటి ఆడుదానికి సీమకంటె దగ్గరి మాట, ఘోరమైన మాట వేరొకటి యుండెను. అది "రంగం". రంగూనుకు మనవారు పెట్టుకొన్న పేరది. విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులనుండి పొగయోడలలో వేలకొలది కూలీలు బర్మాకు పోయిరి. "ఆయన రంగం పోయాడు" అన్నచో నర్థములు పలుతెరగులు: డబ్బు వచ్చుననియు, ఉత్తరము రాదనియు, మరియొక సంసారము పెట్టుకొనెనేమో యనియు, ఇక రాడనియు. చెప్పువారి గొంతునుబట్టి పోల్చుకొనవలసినదే. ఆచట ఇంగ్లీషువారు, బర్మావారు మనవారిని "కోరంగీ" లనిరి. గోదావరి ముఖమున నున్న మన కోరంగి రేవు పేరది. వారి నోట చులకనమాట. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీల సమ్మె ముగిసి, వారికి బదులుగా పెట్టుకొన్న బర్మావారిని తీసివేయగా, ఇరుపక్షములకు పోరు రేగి, నూరుమందికి పైగా చనిపోయిరి. వారిలో మనవారే యెక్కువ.

1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. ఓడలలో చోటు దొరకనివారు చంటిబిడ్డల నెత్తుకొని అరకాను, మణిపూరు త్రోవల నడచివచ్చిరి. దారిలో కలరాకు, ఆకలికి రాలిపోయినవారి లెక్క లేదు. అట్లు బ్రతికి విశాఖ చేరినవారు ఊపిరి పీల్చుకొనకముందే, 1942 ఏప్రిలు 6వ తేదీన, ఆ జపాను విమానములే విశాఖపై బాంబులు వేసినవి. పట్టణమెల్ల ఖాళీయై పల్లెలు పట్టినది. విశ్వకళాపరిషత్తును గుంటూరునకు తరలించిరి. రంగం విడిచి ఇల్లు చేరినవాని కిల్లే రంగమైనది.

మా మామ్మ ఆ యేడు ఎడ్లబండిమీద చోడవరము వైపునకు పోయినవారిలో నొకతె. ఆమె తమ్ముడు రంగం పోయినవాడే. "మావోడు రంగంనించి రాలేదు, రంగమే మన్ని తరుముకుంటా వొచ్చేసింది" అని చెప్పుచుండెడిది. ఆ తమ్ముని యుత్తరము ఆ తరువాత రాలేదు.

ఫాల్గుణమున మా అక్కగారి కుమారుడు క్షేమముగ నింటికి వచ్చెను. నేను చూడబోవునప్పటికి గుమ్మములో పెట్టెలు, లోపల నవ్వులు. అక్కగారు బజారునుండి తెప్పించిన సీమచింతకాయలు పళ్లెములో పోసి, ఎర్రనివి యేరి కొడుకు ముందుంచుచున్నది. కోడలు మూల నిలుచుండి, "మళ్లీ ఆ మాట వ్రాశారంటే చూడండి" అనెను. "మరేమని వ్రాయమంటావు?" అని యతడడిగెను. "ఇంటికి వస్తున్నాననండి, చాలు" అని యామె యుత్తర మిచ్చెను.

అక్కగారు కాయ లేరుట మాని, "సెలవెన్నాళ్లురా?" అని యడిగెను.

"పది వారాలమ్మా" అని యాతడు చెప్పగా, ఆమె గోడమీది పంచాంగము వంక చూచి వ్రేళ్లు మడచి లెక్కపెట్టుకొనసాగెను.